చెంబు మామ్మ ఊరికి ఎర్ర చుక్క

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. కంప్యూటర్లో కోడు రాసి మీట నొక్కాక కింద ఎర్ర అక్షరాలతో ఎర్రర్ రాకపోతే చాలు, నేను రాసింది నిజం, లోకం క్షేమం, ఇక వెళ్ళి టీ తాగొచ్చు అని. వయసు అలాంటిది. టెక్కలిలో డిగ్రీ స్టాటిస్టిక్స్ చదివి, ఆ పైన లెక్కల కోసమే పుట్టిన ఒక కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. దాని పేరు ఆర్. అంతే, ఒక్కక్షరం. "పూర్తి పేరేటే దానిది?" అని మా అమ్మ అడిగింది. ఇదే పూర్తి పేరమ్మా అంటే నమ్మలేదు. (ఇంటి పేరైనా లేని భాష నేర్చుకుని పిల్ల ఏం బాగుపడుతుందని బెంగపెట్టుకుని, ఆదివారం మా బాప్టిస్టు చర్చిలో ప్రార్థన విన్నపాల్లో నా ఉద్యోగం సంగతి చేర్పించింది. అక్కడ ఒకసారి పేరెక్కిందంటే ఊరంతా మన గురించే అడుగుతారు. కూరగాయలమ్మే ఆవిడ కూడా వంకాయలు తూస్తూ "ఉజ్జోగం వొచ్చినాదేటే?" అనేది.)

ఆ ప్రార్థనలన్నీ కలిసి నన్ను పలాసలో ఒక చిన్న సంస్థలో పడేశాయి. ఉద్దానం ఊళ్ళలో నూతులూ బోర్లూ తిరిగి, ఎక్కడ నీళ్ళు తాగేలా ఉన్నాయి, ఎక్కడ ఉప్పగా ఉన్నాయి అని చూసి లెక్క కట్టడం పని. ఆ పక్క కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలిసిందే. నీటికీ ఆ జబ్బుకీ సంబంధం ఉందా లేదా అన్నది పెద్ద పెద్దవాళ్ళు తేల్చాలి. మా పని అంత గొప్పది కాదు, ఉప్పునీళ్ళ ఊరేదో మంచినీళ్ళ ఊరేదో చెప్తే చాలు. ఆఫీసు ఒక జీడిపప్పు కార్ఖానా మేడ మీద ఉండేది. కింద పనికొచ్చే ఆడవాళ్ళు, మా పక్క అప్పలంటాం, పప్పు ఒలుస్తుంటే ఆ కాల్చిన జీడిపిక్కల వాసన మెట్లెక్కి వచ్చి నా కోడులోకి కూడా దూరిపోయేది. ఆఫీసంతా కలిపి ముగ్గురం. ఒకరు మా సారు. ఆయనకి లోకంలో ప్రతి పనీ అర్జెంటే గనక ఆయన అర్జెంటు సారు. రెండోవాడు నిమ్మాడ నుంచి వచ్చి పలాసలో గది తీసుకున్న పిక్కల బావ. బండి మీద ఊళ్ళు తిరిగి, నీళ్ళు సీసాల్లో పట్టి, పెన్నులాంటి మీటరు ముంచి ఉప్పెంతో చూసి, ఫోనులో ఆ చోటు గుర్తు పెట్టుకొచ్చేవాడు. ఎవరికీ నిజం బావ కాదు, అయినా అందరికీ బావే. కింద ఇచ్చే ముక్కపప్పు జేబులో పోసుకుని పొద్దస్తమానం నములుతుంటాడు గనక పిక్కల బావ. మూడోదాన్ని నేను, ఒక్కక్షరం భాష వచ్చిన ఘనురాలిని.

ఒకరోజు అర్జెంటు సారు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. "అమ్మా, దాతలు వత్తన్నారు! గురువారం టెక్కల్లో మీటింగు! ఒక్క ఊరికే మంచినీళ్ళ ప్లాంటు కట్టిత్తారంట. ఏ ఊళ్ళో నీళ్ళు మరీ అన్యాయంగా ఉన్నాయో ఆ ఊరికే. అది మనమే సూపించాల. అర్జెంటు!" ఇన్నాళ్ళూ నేను రాసిన కోడు నేనే చూసుకుని మురిసిపోవడమే గానీ, దాన్ని చూసి ఎవరో ఒక ఊళ్ళో కుళాయి తిప్పుతారంటే మాటలా! అప్పటికప్పుడు కూర్చుని, ఉప్పునీళ్ళకి ఎర్ర చుక్క, మంచినీళ్ళకి నీలం చుక్క పెట్టి, తెల్ల కాగితమంతా చుక్కలతో నింపి సారుకి చూపించాను.

ఆయన కళ్ళజోడు ఎత్తి చూశాడు, దించి చూశాడు. "ఇదేటమ్మా, ఎవరికి ఆటలమ్మ పోసింది?"

"సార్, అవి నూతులు."

"నూతులైతే ఊరేదమ్మా? సముద్రమేది? రోడ్డేది? దాతలు మన నూతుల్లో పడి సావాలేటి దారి తెలీక? సుక్కల ఎనకాల పటం వెయ్యమ్మా, పటం!"

అప్పటికి పటం వెయ్యడం నాకు రాదు. అయినా "ఓస్, అదెంత సార్" అనేశాను. (ఆ రోజుల్లో నాకు రాని పని ఏది అడిగినా నోట్లోంచి ముందు వచ్చే మాట అదే.) కూర్చుని చదివితే విషయం తెలిసింది. లోకమంతటి పటాన్నీ చిన్న చిన్న పలకలుగా కోసి ఇంటర్నెట్‌లో పెట్టి ఉంచారు. మన చుక్కలు ఎక్కడున్నాయో చెప్తే కోడు వెళ్ళి ఆ చుట్టుపక్కల పలకలన్నీ తెచ్చి, గచ్చు మీద టైల్స్ పరిచినట్టు పరిచి, వాటి మీద మన చుక్కలు పెడుతుంది. వినడానికి ఎంత సుఖంగా ఉందో! రాసి నొక్కితే ఎర్రర్. కామా మార్చి నొక్కితే ఇంకో ఎర్రర్. అలా ఎర్ర అక్షరాలతో పొద్దంతా పోట్లాడాక ఒకసారి ఏ ఎర్రరూ రాలేదు. నేను ఎగిరి గంతేసి సారునీ బావనీ పిలిచాను. తెర చూస్తే వెనకాల అంతా తెలుపు. పలకలు వచ్చినట్టే ఉన్నాయి గానీ ఊరు లేదు, తోట లేదు, రోడ్డు లేదు. ఇదేం ఉద్దానం అని వెనక్కి వెనక్కి జరిపి చూస్తే, మేం తిరిగిన కవిటి వైపు నూతులన్నీ ఉత్తర ధ్రువం పక్కన మంచు సముద్రంలో వరసగా తేలుతున్నాయి! బళ్ళో మనకి అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత అని కదా నేర్పారు. ఆ పలకల కోడుకి మాత్రం తిరగేసి చెప్పాలట. ఆ సంగతి తెలీక ఉద్దానాన్ని లేవదీసి భూగోళం నెత్తిన పెట్టాను.

"పోన్లేవే పిల్లా, ఏసంకాలం సల్లగుంతాయి" అన్నాడు పిక్కల బావ పప్పు నములుతూ.

"పోన్లే ఏటి? గురువారం మీటింగు! అర్జెంటుగా ఎనక్కి తెచ్చీమ్మా!" అని సారు నిజంగానే కంగారు పడిపోయాడు, అక్కడ ఎవరో నూతుల్ని పట్టుకుపోతారేమో అన్నట్టు.

తారుమారు చేశాను. నొక్కాను. ఇక ఆ క్షణం గురించి ఎలా చెప్పను! ఒక పలక వచ్చింది, నీలంగా, మన బంగాళాఖాతం. ఇంకో పలక, తెల్లటి ఇసక అంచు. ఆ పక్కన ఆకుపచ్చ, ఇంకా ఆకుపచ్చ, కొబ్బరితోటలు, జీడితోటలు. మధ్యలోంచి రోడ్డు, రైలు పట్టాలు, కింద మూలన మా పలాస. అప్పటిదాకా ఆటలమ్మ పోసినట్టున్న నా చుక్కలు ఒక్కొక్కటీ వెళ్ళి ఒక్కొక్క ఇంటి పెరట్లో కూర్చున్నాయి. నేను కేకేశాను. మామూలు కేక కాదు. కింద పప్పు ఒలిచే అప్పలు పామేదో కరిచిందనుకుని చేతులు తుడుచుకుంటూ మేడ మీదికి పరిగెత్తుకొచ్చారు. పాము లేదని తెలిసి కాసేపు తిట్టి, ఆ తర్వాత తెర చూశారు. ఇక చూడాలి ఆ సంబరం! "ఓలమ్మ, ఇది మా రేకుల కొట్టం గాదేటే!" అని ఒకరు, "మా కన్నోరిల్లు సూపియ్యే, ఇంకా అటు జరుపు, ఇంకా" అని ఒకరు. నా కుర్చీ కూడా నాకు మిగల్లేదు. అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, ఉద్దానం వచ్చేసిందే!" "ఎక్కడికొచ్చిందే?" "నా చుక్కల వెనక్కి!" "ప్రభువుకి స్తోత్రం" అంది అమ్మ, ఏమీ అర్థం కాకపోయినా.

అందరూ దిగి వెళ్ళాక, నా పటాన్ని నేనే ముద్దుగా అటూ ఇటూ జరుపుకుంటూ కూర్చున్నాను. కవిటి దాటి సముద్రం వైపు వెళ్తే ఒక చిన్న ఊరుంది. (పేరు చెప్పను, వాళ్ళకి పరువు ప్రాణం, ఎందుకో మీకే తెలుస్తుంది.) ఊరికి ఆనుకుని ఉప్పుటేరు, ఏరుకి ఆనుకుని రొయ్యల చెరువులు, అన్నీ పటంలో చక్కగా కనిపిస్తున్నాయి. ఆ ఏటి గట్టునే, నీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నట్టుగా, మా చుక్కలు గుప్పెడు. అన్నీ నీలం. మామూలు నీలం కాదు, నా లెక్కలో జిల్లాకంతటికీ తియ్యని నీళ్ళు అవే! తెల్ల కాగితం మీద ఉన్నన్నాళ్ళూ నాకు ఏ అనుమానమూ రాలేదు. చుక్కే కదా, నీలంగా ఉంది, ఎర్రర్ లేదు. వెనకాల ఏరు కనబడ్డాక గానీ తెలీలేదు, ఉప్పుటేరు పక్కన పంచదార నూతులేమిటని. అంటే ఆ ఊరికి ప్లాంటు రాదన్నమాట. నా పటం చూపించి నేనే రానివ్వకుండా చెయ్యబోతున్నానన్నమాట.

ముందు నా కోడునే అనుమానించాను. ఎరుపు, నీలం తారుమారు అయ్యాయేమో అని చూశాను, కాలేదు. మళ్ళీ అక్షాంశాలు చూశాను, బాగానే ఉన్నాయి. బావని నిలదీశాను. "నా సీసాల మీద ఒట్టు పిల్లా, ఎవులింటి నీళ్ళు ఆలింటి దగ్గరే కొలిసినాను" అన్నాడు. సారు దగ్గరికెళ్తే ఆయన "మీటింగు రేపు, రేపు!" అని నెత్తి కొట్టుకున్నాడు గానీ, వెళ్ళి చూసి రమ్మని బండికి పెట్రోలు తనే కొట్టించాడు. అలా బుధవారం పొద్దున్నే బావ బండి వెనకాల, లాప్‌టాప్ సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ సీసాలు గలగలలాడించుకుంటూ బయల్దేరాను.

ఆ ఊళ్ళో మొదటి ఇల్లే చెంబు మామ్మది. ఆ పేరు బావ పెట్టిందే. గుమ్మంలో మనిషి నీడ పడితే చాలు, ఎవరు, ఎక్కణ్ణించి అని అడక్కుండా ముందు చెంబుతో నీళ్ళు తెచ్చి చేతిలో పెడుతుంది. "ఎండన పడొచ్చినారు, కూకోండి. ముందు నీళ్ళు తాగండి, ఆ ఎనక మాటలు." లోపల మంచం మీద మామ్మ మొగుడు, తాత, పడుకుని ఉన్నాడు. కిడ్నీలు పాడై ఆయన డయాలసిస్ చేయించుకుంటున్నాడు. చేయించుకొచ్చిన మర్నాడు లేవలేడట. నేను చెంబెత్తి తాగాను. అమృతం! బావ మీటరు ముంచాడు. "సూసినావా? మల్లీ నీలమే! నా మీద నింద ఏసినావు!" పక్కింటికెళ్ళాం, ఆవిడా చెంబు ఇచ్చింది, అదీ తియ్యగానే ఉంది. ఆ పక్కింట్లోనూ అంతే. ఇంటింటా తాగి తాగి నా కడుపు బిందెలా అయింది. అంటే నిజంగానే ఏరు పక్కన తియ్యని నూతులు! ప్రకృతి వింత! నేను కనిపెట్టిన వింత! అప్పటికే దాతల ముందు ఏమేం చెప్పాలో మనసులో అనుకోవడం మొదలుపెట్టేశాను.

తిరిగి మామ్మ ఇంటికొచ్చి, కాళ్ళకి బురదైందని పెరట్లో నూతి దగ్గరికెళ్ళాను. చేద వేసి, కాళ్ళు కడిగి, ఎండ కదా అని దోసెడు నీళ్ళు మొహాన కొట్టుకున్నాను. కళ్ళు భగ్గుమన్నాయి. నోట్లోకి వెళ్ళిన గుక్కకి నా నాలుక వెనక్కి ముడుచుకుపోయింది. సముద్రంలో మునిగినా అంత ఉప్పు మింగి ఉండను.

"ఓలమ్మ ఓలమ్మ! ఆ నీళ్ళు నోట్లో పోసుకున్నావేటే గుంటా!" అంటూ మామ్మ పరిగెత్తుకొచ్చింది. "అవి అంట్లు తోముకునే నీళ్ళే!"

"మరి... మేం తాగినవి?" అన్నాను ఉమ్ముతూ.

"అవి తాగే నీళ్ళు. ఆ కొబ్బరితోట దాటి, దానెనక జీడితోట దాటి, అవతల పెద్ద నుయ్యుంది. రోజూ ఆడ్నించే తెచ్చుకుంతాం."

"మొన్న మా బావకి సీసాలో పోసిచ్చినవో?"

"అయ్యీ అయ్యే."

"అయ్యో మామ్మా! మీ నూతి నీళ్ళు కదా ఇమ్మన్నాడు!"

మామ్మ నన్ను వింతగా చూసింది. "మరేటే? పరీచ్చకెల్తాయన్నాడు మీవోడు. పరీచ్చకెల్లే పిల్లకి మంచి గౌను తొడుగుతామా, సిరిగిన గౌను తొడుగుతామా? ఊళ్ళోకొచ్చిన మడిసికి ఉప్పునీళ్ళు సేతిలో ఎడితే మా పరువేటవుతాది?"

పిక్కల బావ అరుగు మీద చతికిలబడ్డాడు. జేబులో పప్పంతా ఒలికిపోయి, మామ్మ కోళ్ళు పండగ చేసుకున్నాయి. పాపం అతనేం చేస్తాడు, ఇంటి గుమ్మంలో చాప వేసి కూర్చోబెట్టి, సీసా చేతిలోంచి లాక్కుని లోపలికెళ్ళి నింపి తెస్తుంటే, వద్దు నేనే తోడుకుంటానంటే మా పక్క తగువే అవుతుంది. ఊరు ఊరంతా మర్యాదకి పోయి, తమ ఉప్పుని దాచేసి, దూరపు నూతి తీపిని పరీక్షకి పంపింది.

సరే, తెలిసిపోయింది కదా, ఇప్పుడు అసలు నీళ్ళు పట్టుకుపోతే సరి అనుకున్నాను. మామ్మ చేద పట్టుకుని నూతికి అడ్డంగా నిలబడింది. "టెక్కల్లో గోడ మీద మా ఊరు ఎర్రగా ఏసి పదిమందికీ సూపిత్తావా? ఇప్పటికే ఉప్పునీళ్ళూరని మా మగగుంటలకి ఎవులూ పిల్లనివ్వట్లేదు. ఎర్ర సుక్క ఒద్దు. ఆ నీలమే బాగుంది, ఉంచీ." ఎరుపైతేనే ప్లాంటు వస్తుంది మామ్మా అని బతిమాలాను. "వత్తాది వత్తాదని శానా ఇన్నాంలే" అంది. బావ చెప్పి చూశాడు. చుట్టూ చేరిన ఆడవాళ్ళంతా మామ్మ పక్షమే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక ఏం చెయ్యాలో తోచక లాప్‌టాప్ తెరిచి, "కనీసం మీ ఊరు ఎలా వచ్చిందో చూడు మామ్మా" అన్నాను. నా పటం ఎవరైనా చూస్తే చాలన్న ఆశ ఆ ఏడుపులో కూడా పోలేదు చూశారా!

మామ్మ వంగి చూసింది. ఏటి వంపు బట్టి తన ఇల్లు తనే పట్టేసింది. "ఇది మా పాక. ఇదుగో మా పనస." వేలు పెట్టి అక్కణ్ణించి బయల్దేరింది. కొబ్బరితోటలో దూరింది, గట్టు మీదుగా మలుపు తిరిగింది, జీడితోటలోకి వెళ్ళింది. వేలు వెళ్తూనే ఉంది. తెర చివరికొచ్చేసింది, నుయ్యి ఇంకా రాలేదు. నేను పటం జరిపాను. మళ్ళీ వెళ్ళింది. చుట్టూ ఉన్నవాళ్ళూ ఆ వేలు వెంటే మెడలు చాచారు. పెద్ద నూతి దగ్గర వేలు ఆగాక మామ్మ నన్ను మళ్ళీ వెనక్కి జరపమంది, ఆ చివర్నించి ఈ చివరిదాకా చూసింది.

"ఇంత దూరమేటే? నడిసినప్పుడు ఇంతని తెలీలేదు."

ఆ తర్వాత లోపల మంచం వైపు చూసింది. "ఇంత సేపు ఆ మడిసిని ఒక్కడినీ ఒగ్గీసి ఎల్తన్నానన్నమాట" అంది, ఎవరితోనూ కాదు. నా చేతిలో సీసా లాక్కుని, చేద నూతిలో వేసి, తన నూతి నీళ్ళు తనే నింపింది. నింపి, వీధిలోకెళ్ళి కేకేసింది. "ఓలె, అందరూ అంట్లు తోమే నీళ్ళే ఎయ్యండి! మంచినీళ్ళు పోసినారంటే నా సేతిలో అయిపోతారు!"

ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసులో కొత్త లెక్కలు వేసి మీట నొక్కితే, ఏటి గట్టు పొడుగునా నీలం పోయి ఎరుపొచ్చింది, ధగధగా. ఎర్ర రంగు చూసి అంత సంతోషపడింది నా జన్మలో అదొక్కసారే. కింద అప్పలు ఈసారి కేక విని పైకి రాలేదు. (నా కేకలకి అలవాటు పడిపోయారు.) "దాన్ని ఫోటోలా తీసి ఎట్టీసుకోవే" అన్నాడు బావ. ఫోటోనా? ఫోటో ఎవరైనా చూపిస్తారు. నేను దాతల కళ్ళ ముందే కోడు రన్ చేసి, పలక మీద పలక పరిచి, ఉద్దానాన్ని గోడ మీద పుట్టిస్తాను! అలాగే చెప్పాను అతనికి.

గురువారం టెక్కలిలో హాలు నిండిపోయింది. మా అమ్మ చర్చి సంఘంలో ఇద్దరమ్మలతో ముందు వరసలో కూర్చుంది, ఇంటి పేరు లేని భాష ఎలా ఉంటుందో చూద్దామని. వెనకాల తలుపు దగ్గర చెంబు మామ్మ, ఆ ఊరి ఆడవాళ్ళు. బస్సెక్కి తమ ఊరు గోడ మీద చూసుకోడానికి వచ్చారు. మామ్మ చేతిలో చెంబుంది, మూతికి గుడ్డ కట్టి. తాత దగ్గర పక్కింటామెని కూర్చోబెట్టి వచ్చిందట. సారు "అర్జెంటుగా మొదలెట్టమ్మా" అన్నాడు. నేను గొంతు సవరించుకుని, "ఇప్పుడు చూడండి!" అని మీట నొక్కాను.

చుక్కలొచ్చాయి. పలకలు రాలేదు. మళ్ళీ నొక్కాను. తెల్లటి గోడ మీద ఎర్ర చుక్కలు, నీలం చుక్కలు, అంతే. ఆ హాల్లో ఇంటర్నెట్ లేదు. పటం ఇంటర్నెట్ నుంచి రావాలి కదా! నా ఫోను చూస్తే ఒక్క గీత కూడా లేదు. "ఫోటో తియ్యమన్నాను కదే" అని బావ గొణుగుడు. అర్జెంటు సారు మొట్టమొదటిసారి ఏ పనీ అర్జెంటు కానట్టు కుర్చీలో కూలబడ్డాడు. దాతల్లో పెద్దాయన మెల్లగా అడిగాడు, "బాగుందమ్మా, కానీ ఈ ఎర్రవి ఎక్కడ? వీటి వెనక ఏముంది?" నేను మీట నొక్కుతూనే ఉన్నాను. మా అమ్మ కళ్ళు మూసుకుంది, ప్రార్థనకి.

"ఏటుందో నాను సెప్తాను బాబూ" అని వెనక నుంచి వినిపించింది.

చెంబు మామ్మ నడిచి వచ్చి గోడ దగ్గర నిలబడింది. వెలుతురు ఆవిడ మీద పడి చుక్కలన్నీ ఆవిడ చీర మీదకెక్కాయి. "ఇదుగో, ఇలగొత్తాది ఉప్పుటేరు" అని అరచేత్తో గోడ మీద గీసింది. "ఇయ్యి రొయ్యల సెరువులు. ఈ ఎర్ర సుక్క మా ఇల్లు. మరి మంచినీళ్ళ నుయ్యి ఎక్కడున్నాదనీసి... ఒలే, నువ్వు నుయ్యివి, ఆ తలుపు కాడ నిలబడు." ఒకామె వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. మామ్మ తలూపింది, కాదని. "ఇంకా అవతలకెల్లు." ఆమె వరండాలోకి వెళ్ళింది. "ఇంకా." మెట్లు దిగింది. "ఇంకా ఎల్లే, నుయ్యంత దగ్గరుంతే ఇంకేటి బాధ!" ఆమె రోడ్డు మీదికి వెళ్ళిపోయి, బస్సుల అవతల కనబడకుండా పోయింది. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. మామ్మ నవ్వలేదు. చెంబు నెత్తిన పెట్టుకుని, చుక్క దగ్గర్నించి బయల్దేరి, హాలు దాటి, మెట్లు దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. కాసేపటికి నవ్వులు ఆగాయి. ఆవిడ ఇంకా రాలేదు. అందరం కిటికీల్లోంచి చూస్తున్నాం. ఉన్నట్టుండి దాతల్లో పెద్దాయన లేచి, చెప్పులేసుకుని, ఆవిడ వెనకే వెళ్ళాడు.

ఇద్దరూ తిరిగొచ్చేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది, రొప్పుతున్నాడు. కుర్చీలో కూర్చుని నీళ్ళడిగాడు. మామ్మ చెంబు మీద గుడ్డ విప్పి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తాగబోయి ఆగి, ఎర్ర చుక్కల వైపు చూశాడు.

"తాగు బాబూ" అంది మామ్మ. "ఇంటికొచ్చిన మడిసికి మంచియ్యే ఇత్తాం."

ఆయన ఖాళీ చేసి చెంబు దించాడు. "ఈ ఊరికే కడదాం" అన్నాడు. అంతే! నేను హాల్లో ఉన్నానని మర్చిపోయి పలాసలో వేసిన కేకే మళ్ళీ వేశాను. మా అమ్మ కళ్ళు తెరిచి, "వొచ్చేసిందా పటం?" అని అడిగింది. వచ్చిందమ్మా అన్నాను. నిజమే కదా, అంత మంచి పటం నేను ఈ రోజుకీ వెయ్యలేదు.

ఇప్పుడు నేను పిల్లలకి ఇదే భాష చెప్తున్నాను. చుక్కల వెనక పటం కావాలంటే మా కాలంలోలా పోట్లాడక్కర్లేదు, రెండు మూడు లైన్లలో వచ్చేస్తుంది. పటం రాగానే వాళ్ళూ నాలాగే ఎగురుతారు, నేను ఎగరనిస్తాను. ఎగిరి కూర్చున్నాక మాత్రం ఒకటే అడుగుతాను, సీసాలో నీళ్ళు ఎవరు పోశారర్రా అని. ఆ పాత కోడు ఫైలు ఇంకా ఉంది. అప్పుడప్పుడు తెరుస్తాను. ఎర్రర్ రాకపోతే లోకం క్షేమమనుకుని టీకి పరిగెత్తిన ఆ పిల్ల మీద నవ్వొస్తుంది, ఆ కేకలకి ముద్దూ వస్తుంది. ఇప్పుడు అంత కేక వెయ్యడానికి ఊపిరి చాలదు.

ప్లాంటు వెంటనే రాలేదు గానీ వచ్చింది. మామ్మ గుమ్మానికి కనిపించేంత దూరంలోనే. పోయినసారి వెళ్తే చెంబు తెచ్చి చేతిలో పెట్టింది, తాగాను, తియ్యగా ఉన్నాయి. అరుగు మీద తాత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఆయన పక్కనే మామ్మ కూర్చుని అడిగింది.

"ఇప్పుడు మా ఊరు ఏ రంగే?"

"నీలం మామ్మా."

"మరి మొదట్నించీ నాను సెప్పింది అదే గదేటే! ఊరికినే అంత దూరం తిప్పినావు!"